బ్యాటరీ నిండిందని ఎలా తెలుస్తుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడిన రోజు మా ఇంట్లో ఇన్వర్టర్ సరిగ్గా 35 నిమిషాలు పనిచేసింది. దాని మీద మేము ఉంచింది ఒక ట్యూబ్‌లైటు, మా అమ్మ నెబులైజరు, అంతే. ఫ్యాన్లు కూడా ఆపేశాం. 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ అది. లెక్క ప్రకారం ఆ మాత్రం బరువుని ఆరేడు గంటలు మోయాలి.

అప్పటికి నాలుగు రోజుల ముందే మెకానిక్ వచ్చి చూసి వెళ్ళాడు. తుపాను కబురు విని నేనే పిలిపించాను. ఆరు మూతలూ తీసి, ఏదో పోసి, రబ్బరు బల్బున్న గాజు గొట్టం ఒక్కో సెల్‌లో ముంచి నాకు చూపించాడు. “గ్రావిటీ ఫుల్ సార్, గ్రీన్‌లో ఉంది చూడండి” అన్నాడు. చూశాను. లోపలి తేలుడు గొట్టం ఆకుపచ్చ పట్టీ దగ్గరే నిలబడి ఉంది. డబ్బులిచ్చి పంపించాను.

అమ్మకి అప్పుడు 78 ఏళ్ళు, పాత ఉబ్బసం. కిటికీ అద్దాలు పగిలి గాలి ఇల్లంతా తిరుగుతుంటే ఆవిడ మంచం కోడు పట్టుకుని నిటారుగా కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడింది. రోడ్ల మీద చెట్లు పడి ఉన్నాయి, ఆటో లేదు, అంబులెన్సు రాదు. ఇన్‌హేలర్‌లో మిగిలిన మందుతోనే మా ఆవిడా నేనూ తెల్లవారే దాకా నెట్టుకొచ్చాం. అమ్మ ఆ రాత్రి గట్టెక్కింది. (2019లో పోయింది, వేరే కారణంతో.) కానీ నన్ను ఈ రోజు వరకూ గుచ్చుతున్నది మరొకటి. గాలిలోంచి విభూది తీసిన బాబాని కళ్ళారా చూశామనే వాళ్ళతో ముప్ఫై ఏళ్ళుగా వాదిస్తున్న హేతువాద సంఘం సభ్యుణ్ణి నేను. ఆకుపచ్చ పట్టీని కళ్ళారా చూశాను కాబట్టి బ్యాటరీ నిండిందని నమ్మేశాను.

కింది వాటాలో నేవీలో ఎలక్ట్రికల్ విభాగంలో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. జలాంతర్గాముల మీద పనిచేశారు. తుపాను తగ్గాక ఆయన వచ్చి తన హైడ్రోమీటరు ముంచి చూశారు. “ఏమండీ, బ్యాటరీ చచ్చి పడుంది, గ్రావిటీ ఇంకా 1.240 చూపిస్తోంది. వాడు నీళ్ళు పొయ్యలేదండీ, యాసిడ్ పోశాడు” అన్నారు. నాకు అర్థం కాలేదు. బి.కాం. చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో బతుకు గడిపినవాణ్ణి, రసాయన శాస్త్రం నాకు పదో తరగతితో సరి. “యాసిడ్ పోస్తే ఇంకా బలం కదా?” అన్నాను. ఆయన నవ్వలేదు. “మీ లెక్కల్లో జమ లేకుండా బ్యాలెన్సు రాసేస్తే ఏమంటారు?” అన్నారు.

ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం అలా చదివి తెలుసుకున్న దాని గురించే.

లెడ్-యాసిడ్ బ్యాటరీ 1859లో ఫ్రాన్సులో పుట్టింది. గాస్టన్ ప్లాంటే అనే భౌతిక శాస్త్రవేత్త రెండు సీసపు రేకుల మధ్య అడ్డు పెట్టి, చాపలా చుట్టి, నీళ్ళు కలిపిన గంధకామ్లంలో ముంచాడు. కరెంటు ఎక్కిస్తే దాచుకుంది, అడిగితే తిరిగిచ్చింది. అప్పటిదాకా ఉన్న బ్యాటరీలు ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. అయితే ప్లాంటే రేకులు దారికి రావాలంటే వారాల తరబడి ఎక్కిస్తూ దింపుతూ ఉండాలి. 1881లో కామీ ఫోర్ అనే మరో ఫ్రెంచివాడు రేకులకి సీసపు ఆక్సైడు ముద్ద పూసి ఆ బెడద చాలావరకు తప్పించాడు. అక్కణ్ణుంచి అది సరుకైంది.

సరుకు కాగానే షేర్లమ్ముకునే కంపెనీలు వచ్చాయి, గొప్పలు వచ్చాయి. గ్లాస్గోలో సర్ విలియం థామ్సన్, అదే తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, ఫోర్ సెల్స్‌ని స్వయంగా పరీక్షించి ముచ్చటపడ్డాడు. అట్లాంటిక్ అవతల ఎడిసన్ మాత్రం 1883లో స్టోరేజ్ బ్యాటరీ అనేది కంపెనీలు జనాన్ని ముంచడానికి వాడే సాధనమని తిట్టిపోశాడు. (అదే ఎడిసన్ తర్వాత నికెల్-ఇనుము బ్యాటరీ కోసం ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు.) ఇద్దరూ సామాన్యులు కారు. ఒకరు అద్భుతమన్నారు, ఒకరు మోసమన్నారు. ఆ పెట్టె లోపల ఎంత ఉందో, ఎంత పోయిందో చెప్పే లెక్క అప్పటికి ఎవరి దగ్గరా స్థిరంగా లేదు.

ఆ లెక్క మొదలుపెట్టింది లండన్‌లో జాన్ హాల్ గ్లాడ్‌స్టన్, ఆల్ఫ్రెడ్ ట్రైబ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు, 1882లో. వాళ్ళు చెప్పింది నాబోటి వాడికీ అర్థమవుతుంది. బ్యాటరీ కరెంటు ఇచ్చేటప్పుడు రెండు ప్లేట్లూ, ప్లస్ వైపుదీ మైనస్ వైపుదీ, సీసపు సల్ఫేటుగా మారతాయి. ఆ సల్ఫేటు వచ్చేది ద్రవంలోని గంధకామ్లం నుంచే. కాబట్టి ఖాళీ అవుతున్న కొద్దీ ద్రవం నీళ్ళవుతుంది. ఛార్జింగ్ పెడితే సల్ఫేటు ప్లేట్లు వదిలి మళ్ళీ ఆమ్లంగా ద్రవంలోకి వస్తుంది. ఇది నిజమా కాదా అని శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి తగువులాడుకున్నారు. 1935లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో వైనల్, క్రెయిగ్ అనే ఇద్దరు జాగ్రత్తగా కొలిచి గ్లాడ్‌స్టన్, ట్రైబ్‌ల లెక్క సరైనదేనని తేల్చారు.

నన్ను ఆకట్టుకున్నది ఇక్కడి జమాఖర్చు. ఒక సెల్ ఒక ఆంపియర్-అవర్ ఇస్తే 3.66 గ్రాముల గంధకామ్లం ద్రవంలోంచి ప్లేట్లలోకి పోవాలి. కొంచెం ఎక్కువా కాదు, తక్కువా కాదు. మా 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మొత్తం దిగితే ఒక్కో సెల్‌లో దాదాపు 550 గ్రాములు, ఆరింటిలో కలిపి మూడు కిలోల పైచిలుకు. సింగిల్ ఎంట్రీ కాదు ఇది, నిఖార్సైన డబుల్ ఎంట్రీ. ఒక వైపు ప్లేట్లు, ఒక వైపు ద్రవం. ప్లేట్ల ఖాతా తెరిచి చూడలేం కాబట్టి ద్రవం ఖాతా చూసి ప్లేట్ల సంగతి ఊహిస్తాం. హైడ్రోమీటరు చేసే పని అదే.

హైడ్రోమీటరు బ్యాటరీ కన్నా చాలా పాతది. అలెగ్జాండ్రియాలో గణితం, ఖగోళం బోధించిన హైపేషియాకి ఆవిడ శిష్యుడు సినీసియస్ రాసిన ఒక ఉత్తరంలో అటువంటి పరికరం వర్ణన ఉంది. గీతలు గీసిన గొట్టం, నిటారుగా నిలబడటానికి అడుగున బరువు, ద్రవంలో ఎంత మునిగిందో గీతల్ని బట్టి చూడటం. అది తనకొకటి కావాలని అడిగాడాయన. 415లో హైపేషియాని మతోన్మాద మూక చంపిన సంగతి మన పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. బ్యాటరీ షాపులో ఆ గాజు గొట్టం చూసినప్పుడల్లా నాకిప్పుడు ఆవిడ గుర్తొస్తుంది.

సరే, అసలు విషయం. హైడ్రోమీటరు ఎంత నిజాయితీపరురాలైనా ఒకటే చెప్పగలదు: ఈ ద్రవం నీళ్ళకన్నా ఎంత చిక్కన. ఆ చిక్కదనం ప్లేట్లలోంచి వచ్చిందా, మెకానిక్ సీసాలోంచి వచ్చిందా అనేది దానికి తెలియదు. మా బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి పేరుకుపోయింది. ఛార్జింగ్ పెట్టినా ఆమ్లం వెనక్కి రావడం లేదు, గ్రావిటీ పెరగడం లేదు. మెకానిక్ పైనుంచి ఆమ్లం పోసి అంకె సరిచేశాడు. రోకడ పుస్తకంలో తగ్గిన సొమ్ముకి జేబులోంచి నోట్లు పెట్టి తనిఖీ గట్టెక్కించే క్యాషియర్లను నా సర్వీసులో ఇద్దర్ని చూశాను. ఇదీ అంతే.

మరి నిండిందని ఎలా తెలుస్తుంది? ఒక్క అంకెతో తెలియదు. మామూలుగా నిండిన బ్యాటరీ గ్రావిటీ 1.240 నుంచి 1.280 లోపు ఎక్కడైనా ఉండొచ్చు, తయారీని బట్టి, వాడే చోటుని బట్టి. మన వేడి దేశంలో కొంచెం పలచగానే ఉంచుతారు. ఆ అంకె 27 డిగ్రీల దగ్గర లెక్క. ద్రవం ఒక్కో డిగ్రీ వేడెక్కిన కొద్దీ 0.0007 చొప్పున తగ్గి కనిపిస్తుంది, అంటే మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో నిండు బ్యాటరీ కూడా పది పాయింట్లు తక్కువ చూపిస్తుంది. నీళ్ళు పోసిన వెంటనే కొలిస్తే పైన పలచగా, అడుగున చిక్కగా ఉండి తప్పు చెబుతుంది. ఓల్టేజి చూస్తే అదింకా మాయలాడి. ఛార్జర్ తీసిన వెంటనే 13 దాటి చూపించిన బ్యాటరీ కొన్ని గంటలు ఊరుకోబెడితే అసలు రంగు బయటపెడుతుంది.

జలాంతర్గామి పెద్దాయన చెప్పిన పద్ధతి వేరు. ఛార్జింగ్ ఆపకుండా గంటకోసారి కొలవాలి, కాగితం మీద రాసుకోవాలి. సెల్ ఓల్టేజి 2.4 దాటాక బుడగలు లేస్తాయి. గ్రావిటీ పెరుగుతూ పెరుగుతూ ఒక చోట ఆగుతుంది. వరసగా మూడు గంటలు అదే గ్రావిటీ, అదే ఓల్టేజి, అన్ని సెల్స్‌లోనూ సమానంగా బుడగలు, అప్పుడు నిండినట్టు. అంటే చూడాల్సింది అంకె ఎంతుందని కాదు, అంకె మారడం మానేసిందా అని. ప్లేట్లు వదలాల్సిన ఆమ్లమంతా వదిలేశాయి, ఇక ఎక్కించే కరెంటంతా నీళ్ళని విడగొట్టడానికే పోతోంది అని దాని అర్థం. గట్టిపడిన ప్లేట్ల విషయంలో ఇది కూడా చాలదట. ఇక వదలలేని స్థితిలోనూ అంకె ఆగుతుంది. అందుకని చివరికి తెలిసిన లోడు పెట్టి ఎన్ని గంటలిస్తుందో చూడాలి. నేను సెల్ గ్రావిటీ అడిగితే ఆయన “ఏ గంటది?” అని అడిగేవారు.

ఈ కష్టమంతా ఎందుకని నేనూ అనుకున్నాను. ఆయన నన్ను ఆర్.కె. బీచ్‌లో ఉన్న కుర్సురా మ్యూజియంకి తీసుకెళ్ళారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి ఒడ్డున సందర్శకుల కోసం నిలబెట్టిన జలాంతర్గామి. నేను అంతకుముందు రెండుసార్లు చుట్టాలకి చూపించాను గానీ కాళ్ళ కింద ఏముండేదో ఆలోచించలేదు. నీళ్ళ పైన డీజిల్ ఇంజన్లతో ఛార్జింగ్, నీళ్ళ కింద బ్యాటరీలే ప్రాణం. వందల సెల్స్, అన్నీ సీసం, గంధకామ్లమే. నిండలేదని తెలియకుండా మునిగితే పైకి రావలసిన చోట కాక మరోచోట రావాలి. నిండిందని తెలియక ఎక్కిస్తూ పోతే ఇంకో ప్రమాదం. నిండిన సెల్‌లోకి ఎక్కించే ప్రతి ఆంపియర్-అవర్ దాదాపు 0.42 లీటర్ల హైడ్రోజన్ పుట్టిస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే ఒక నిప్పురవ్వ చాలు. “మాకక్కడ ఆకుపచ్చ పట్టీలు ఉండవండీ” అన్నారాయన, ఆ సన్నటి గుండ్రటి తలుపులోంచి వంగి దూరుతూ.

ఇప్పుడు హేతువాదులు తప్పక తెలుసుకోవలసిన కథకొస్తాను. ఇది అమెరికాలో జరిగింది, పై వైనల్ పనిచేసిన ఆ బ్యూరోలోనే.

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో జెస్ రిచీ అనే ఆయన, ఒకప్పుడు బుల్డోజర్ నడిపినవాడు, 1940ల చివర్లో ఒక పొడి అమ్మకానికి పెట్టాడు. పేరు ఎ.డి.ఎక్స్-2. చచ్చిపోతున్న బ్యాటరీలో వేస్తే ప్రాణం లేచొస్తుందని ప్రచారం. అందులో ఉన్నవి ముఖ్యంగా సోడియం సల్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు. రెండోది మనకి విరేచనాల ఉప్పుగా తెలుసు. ఆయన వెనక బర్క్లీ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పిన మెర్ల్ రాండాల్ ఉన్నాడు, థర్మోడైనమిక్స్ మీద ప్రామాణిక గ్రంథం రాసినవారిలో ఒకడు. పేరున్న శాస్త్రవేత్త పక్కనుంటే ఇంకేం కావాలి.

బ్యూరో అప్పటికే ఎన్నో ఇటువంటి పొడులూ ద్రావకాలూ పరీక్షించి, ఏదీ పనిచెయ్యదని చెబుతూ వచ్చింది. ఎ.డి.ఎక్స్-2 కూడా అంతేనంది. రిచీ ఊరుకోలేదు. వాడినవాళ్ళ చేత ఉత్తరాలు రాయించాడు, సెనేటర్లని కదిలించాడు. ఆ ఉత్తరాలు రాసినవాళ్ళు అబద్ధాలకోరులని నేననుకోను. వాళ్ళ బ్యాటరీలు నిజంగానే కొంత బాగుపడి ఉంటాయి. ఎందుకంటే సల్ఫేటు పట్టిన బ్యాటరీని విప్పి, శుభ్రం చేసి, నీళ్ళు పోసి, తక్కువ కరెంటుతో చాలాసేపు ఓపిగ్గా ఛార్జి చేస్తే చాలావాటికి పొడి లేకుండానే ప్రాణం వస్తుంది. పొడి వేసినవాడు పొడితోపాటు ఆ ఉపచారం కూడా చేస్తాడు. పైగా ఏ ఉప్పు కరిగినా ద్రవం ఎంతో కొంత చిక్కబడుతుంది, హైడ్రోమీటరు ఆ మేరకు పైకి తేలుతుంది. మంత్రం వేసి మందు కూడా ఇచ్చే భూతవైద్యుణ్ణి చూశాం కదా. తగ్గితే పేరు మంత్రానికే.

దీనికి మందు ఒకటే. ఒకే వయసు, ఒకే స్థితిలో ఉన్న బ్యాటరీలు తీసుకుని, కొన్నింటిలో వేసి, కొన్నింటిలో వెయ్యకుండా, అన్నిటికీ ఒకే ఉపచారం చేసి, తర్వాత కొలవాలి. బ్యూరో 1952లో అలా పోల్చి చూసింది. తేడా లేదు.

1953 జనవరిలో ఐసెన్‌హోవర్ ప్రభుత్వం వచ్చింది. వాణిజ్య మంత్రి సింక్లెయిర్ వీక్స్, వ్యాపారస్థుడు. బ్యూరో ఆయన శాఖ కిందే. ఫిబ్రవరిలో తపాలా శాఖ ఎ.డి.ఎక్స్-2ని మోసపు సరుకుగా ప్రకటించి రిచీ కంపెనీ ఉత్తరాలు ఆపింది. కొద్ది రోజుల్లోనే ఆ ఉత్తర్వు పక్కనబెట్టారు. మార్చి ఆఖరికి బ్యూరో డైరెక్టరు ఆలెన్ ఆస్టిన్ చేత రాజీనామా చేయించారు. సెనేట్ కమిటీ ముందు మంత్రి చెప్పిన సారాంశం: నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను, లోకం తెలిసినవాణ్ణి, బ్యూరో తగినంత నిష్పక్షపాతంగా లేదు, మార్కెట్టు తీర్పుని వాళ్ళు లెక్కలోకే తీసుకోలేదు.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. కొనుక్కున్నవాడు సంతోషంగా ఉన్నాడు కాబట్టి సరుకు పనిచేసినట్టే అనడం ఆయన ఒక్కడి మాట కాదు. తాయెత్తుల దుకాణం నుంచి టీవీ జాతకాల దాకా మనకి రోజూ వినిపించేదే.

శాస్త్రజ్ఞులు తిరగబడ్డారు. బ్యూరోలో దాదాపు 400 మంది ఆస్టిన్‌తోపాటు తామూ పోతామని బెదిరించినట్టు పత్రికల్లో వచ్చింది. ఏప్రిల్‌లో ఆయన్ని తాత్కాలికంగా నిలిపారు, ఆగస్టులో పూర్తిగా. జే జెఫ్రీస్ అధ్యక్షతన నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నియమించిన కమిటీ అదే సంవత్సరం చివర్లో నివేదిక ఇచ్చింది: బ్యూరో పని మేలైనది, పొడిలో సత్తా లేదు. ఆస్టిన్ 1969 దాకా డైరెక్టరుగా ఉన్నాడు. మనం అంతటితో చప్పట్లు కొట్టి లేవకూడదు. తపాలా శాఖ ఉత్తర్వుని అదే ఆగస్టులో పూర్తిగా రద్దు చేశారు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన కేసు 1956లో కొట్టేశారు. సైన్సు ప్రకారం పొడి దండగ. చట్టం ప్రకారం అమ్ముకోవడానికి అడ్డు లేదు.

ఇది చదువుతుంటే 1987లో నా టేబుల్ మీదికొచ్చిన ఒక బిల్లు గుర్తొచ్చింది. ఉత్తరాదిన ఒక వాహనాల డిపోకి సంబంధించిన లోకల్ పర్చేజ్ బిల్లు. సరుకు: బ్యాటరీల ఆయుష్షు పెంచే పొడి, ప్యాకెట్లలో. మూడు కొటేషన్లు ఉన్నాయి, శాంక్షను సరిగ్గా ఉంది, స్టోర్సు లెడ్జరులో జమ ఉంది, వాడి చూసి తృప్తికరంగా ఉందని సర్టిఫికెట్టు కూడా జతపరిచారు. కూడికల్లో ఒక్క పైసా తేడా లేదు. పాస్ చేశాను. పొడి వెయ్యని బ్యాటరీలు ఎన్నాళ్ళు పనిచేశాయో చెప్పమని ఒక్క వాక్యం అబ్జెక్షను రాసుంటే బిల్లు వెనక్కి వెళ్ళేది. ఆ ప్రశ్న అడగడం నా పని కాదని ఎవరూ అనలేదు. నాకే తోచలేదు. అప్పటికి నేను సంఘంలో చేరి రెండేళ్ళయింది.

మెకానిక్ దగ్గరికి వెళ్ళి అడిగాను కూడా, నవంబరులో. కోపంగానే వెళ్ళాను. “నీళ్ళు పోస్తే గ్రావిటీ రెడ్‌లోకి పోద్ది సార్, కస్టమర్ గొడవ పెట్టుకుంటాడు. యాసిడ్ పోస్తే గ్రీనొస్తది, ఇద్దరం హ్యాపీ” అన్నాడు. దాపరికమేమీ లేదు అతని మాటలో. అతనికి ఆ పని నేర్పినవాడూ అలాగే చేసేవాడట.

కొత్త బ్యాటరీ కొన్నాక ఒక పొడుగు నోటుపుస్తకంలో దానికి ఖాతా తెరిచాను. ఆరు సెల్స్‌కి ఆరు గడులు, తారీఖు, గంట, ఉష్ణోగ్రత, గ్రావిటీ, పోసిన డిస్టిల్డ్ వాటర్ ఎంత. మూడు నెలలకోసారి కరెంటు మెయిను ఆపి రెండు బల్బులు, ఒక ఫ్యాన్ వేసి ఎన్ని గంటలొచ్చిందో రాసేవాణ్ణి. మా ఆవిడ ఆ రోజు వంట పెందలాడే ముగించేది. 2018 జూలైలో నాలుగో సెల్ మూడు గంటలపాటు 1.195 దగ్గరే ఆగిపోయింది, మిగతా అయిదూ 1.245 చేరాయి. లోడు మీద రెండు గంటలు కూడా రాలేదు. అమ్మ గదిలో నెబులైజరు ఇంకా రోజూ వాడుతున్నాం. మర్నాడే బ్యాటరీ మార్చాం. పాతది తీసుకెళ్ళడానికొచ్చిన కుర్రాడు హైడ్రోమీటరు ముంచి, “ఇంకా బానే ఉంది కదా సార్, కొంచెం యాసిడ్ వేస్తే సరిపోద్ది” అన్నాడు.